ఎడారి ఎలుక, గురజాల దూడ

గురజాల,
12-6-1963.

ఒరేయ్ నెహెమ్యా,

ఇక్కడ నాయనా, నేనూ, బర్రే క్షేమం. ముగ్గురిలో నన్ను సతాయించనిది బర్రె ఒక్కటే. మీ బావ నడికుడి స్టేషన్లో డ్యూటీలు చేసుకుంటూ వారానికోసారి వచ్చి, తిని, పడుకుని పోతున్నాడు కాబట్టి ఆయన్ని ఇంటి లెక్కలో వేయలేదు.

నువ్వు జోధ్‌పూరు వెళ్ళి ఏడాది దాటింది. "క్షేమం. ఎండ ఎక్కువ. ఉద్యోగం బాగుంది." ఇది ఉత్తరమట్రా? మా బళ్ళో మూడో తరగతి పిల్లలు ఇంతకంటే బాగా రాస్తారు. ఈసారైనా కాగితం రెండు వైపులా నింపు.

సంగతేమిటంటే, నీకొక సంబంధం చూశాను. నరసరావుపేట జోసెఫ్ మాస్టారి అమ్మాయి, ప్రేమకుమారి. మిషన్ ఆసుపత్రిలో నర్సు. చామనచాయ, కళగల మొహం, మాట మాత్రం సూటిగా వస్తుంది. నాకు నచ్చింది. నీ ఫోటో చూసి ఆ పిల్ల "చెవులు కొంచెం పెద్దవి" అంది. మొహమాటం లేని పిల్లే కావాలి నీకు, నువ్వసలే ముంగివి.

మాస్టారు "అబ్బాయి చేసే పనేమిటమ్మా?" అని అడిగారు. నాకు తెలిస్తే కదా! "సెంట్రల్ గవర్నమెంటండీ, జంతువుల్లో ఏది ఏ వంశమో, దేనికి ఏది చుట్టమో తేలుస్తాడు" అన్నాను. ఆయన నవ్వి "అయితే జంతువులకి పెళ్ళిళ్ళ పేరయ్యన్నమాట" అన్నారు. నాయన మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక అడిగాడు, "వాడికి కుర్చీ ఉందా లేదా? అదొక్కటి రాయమను."

నీకు తెలుసుగా ఆయన సంగతి. పదేళ్ళప్పుడు నిన్ను బోర్డింగు బడిలో దింపి వచ్చిన సాయంత్రం, తోలు కోసే తన రంపెను నాగులేట్లో విసిరేశానని చెప్పి, "ఇవాల్టితో మనింట్లో తోలు పని సరి" అన్నాడు. అప్పట్నుంచి కూలికి పోయాడు, కౌలు చేశాడు, చర్చి గంట కొట్టాడు, తోలు మాత్రం వేలితో ముట్టలేదు. ఇదంతా నీ కుర్చీ కోసమే. అందుకని కుర్చీ సంగతి తప్పక రాయి.

మన బర్రె చూలుతో ఉంది. దసరాల ముందు ఈనుతుంది.

మీ అక్క,
దయామణి.


జోధ్‌పూరు,
30-6-1963.

అక్కా,

నీ తిట్లు అందాయి. ఇవాళ ఆదివారం, ఇసుక గాలి లేచి బయటికి కదల్లేకుండా ఉంది. కాబట్టి నువ్వు కోరినట్టు రెండు వైపులా నింపుతాను.

మన పల్నాట్లో ఒక కార్తె ఎండిపోతే "ఎడారైపోయింది" అంటాం. అది ఒట్టి మాట. ఇక్కడి చెట్టుకు ఆకుకంటే ముల్లు ముందు పుడుతుంది. అయినా దీన్నిండా ప్రాణులే. చింకారా జింకలున్నాయి, ఎడారి నక్కలున్నాయి, మన ఇంటి పిల్లి అంతేసి ఇసుక రంగు అడవి పిల్లులున్నాయి. ఒక ఎలుక ఉంది, మంచినీళ్ళ మొహం చూడకుండా గింజలూ వేళ్ళూ తిని బతికేస్తుంది.

మా ఆఫీసు పని ఇదీ. ఎడారిలో పాలిచ్చే జంతువులెన్ని రకాలు, అందులో ఏది ఏ వంశం అన్నది తేల్చడం. రూలు సులువే. ఒంటి మీద వెంట్రుకలుండాలి, తల్లి పిల్లకు పాలివ్వాలి. ఆ రెండూ ఉంటే ఆకారం ఎట్లా ఉన్నా మన గుంపే. ఎగిరినా గబ్బిలం పక్షి కాదు, ఈదినా తిమింగలం చేప కాదు. కుందేలు పళ్ళు చూసి ఎలుకకు తమ్ముడనుకునేవాళ్ళు. పై పళ్ళ వెనక ఇంకో రెండు చిన్న పళ్ళు దాక్కుని ఉన్నాయని చూసి దాన్ని వేరు కాపురం పెట్టించారు. కృష్ణజింకా మన బర్రే మాత్రం ఒకే వంశం. రెండిటికీ కొమ్ము రాలదు, లోపల ఎముక, పైన తొడుగు. దుప్పికి ఏటేటా కొమ్ములు రాలతాయి కాబట్టి అది వేరు.

ఎలుకలు నా వంతు. అవి పెట్టెలకొద్దీ వస్తాయి. నేను వాటిని తయారు చేసి, పేరు చీటీ కట్టి, అరల్లో పెడతాను.

కూర్చునేదానికి దిగుల్లేదని నాయనతో చెప్పు. గుండ్రంగా తిరిగేది ఇచ్చారు.

ప్రేమకుమారి గారికి చెవుల సంగతి నిజమేనని చెప్పు. ఇక్కడి ఎడారి నక్కకూ పెద్ద చెవులే. ఎండ దేశంలో అవి పనికొస్తాయి.

నీ తమ్ముడు,
నెహెమ్యా.


గురజాల,
14-7-1963.

ఒరేయ్ నెహెమ్యా,

తిరిగే కుర్చీ! నీ నోట్లో చక్కెర పొయ్య! ఈ ముక్క చదవగానే నాయన మంచం మీంచి లేచి, కండువా వేసుకుని, ఎండ అని కూడా చూడకుండా ఊళ్ళోకి పోయాడు. పొద్దుగూకేసరికి గురజాలంతా తెలిసింది. పక్కింటి ఖాతూన్ బీ వచ్చి "తహసీల్దారుకే లేదంటనే తిరిగే కుర్చీ" అంది. ఆదివారం గంట కొట్టేటప్పుడు మామూలుకంటే నాలుగు దెబ్బలు ఎక్కువే కొట్టాడు నాయన.

కానీ గబ్బిలం దగ్గర తేడా వచ్చింది. "బైబిలు వాక్యంలో గబ్బిలం పక్షుల వరసలో ఉంది. దేవుడికి తెలీని వరస వీడికి తెలిసిందా?" అని ఒకటే గొణుగుడు. పాస్టరు గారిని కూడా అడిగాడు. ఆయన తెలివైనవాడు, "ఏలియా, రాత్రిపూట ఎగిరేదాని గురించి పగలు పోట్లాట ఎందుకు" అని తప్పించుకున్నాడు.

ఇంకో తేడా నరసరావుపేటలో వచ్చింది. నీ ఉత్తరం మాస్టారికి చదివి వినిపించాను, నాదే బుద్ధి తక్కువ. "ఎలుకలు పెట్టెలకొద్దీ వస్తాయి" అన్న చోట ఆయన ముఖం మాడింది. మునిసిపాలిటీలో బోనులు పెట్టి ఎలుకలు పట్టేవాళ్ళుంటారు చూడు, నీది ఆ ఉద్యోగమేనని ఆయన అనుమానం. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. నువ్వు ఎడారిని తవ్వుతున్నావన్నమాట! అయినా "తయారు చేయడం" ఏందిరా? ఎలుకను దేవుడు తయారు చేసే పంపాడుగా, ఇంక నువ్వు చేసేదేముంది?

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ నేను ఇద్దరికీ లోకువయ్యాను. ఆఫీసు బల్ల ముందు కూర్చుని ఫోటో తీయించుకుని పంపు. కుర్చీ కనపడాలి.

దయామణి.


జోధ్‌పూరు,
2-8-1963.

అక్కా,

ఫోటో దీంతో పంపుతున్నాను. మా ఆఫీసు ఫోటోగ్రాఫరే తీశాడు. కుర్చీ బల్ల చాటున పడిపోయింది, నేనేం చేసేది? నేను పట్టుకున్నది కలమే, ముందున్నది చీటీల కట్ట.

నేను మునిసిపాలిటీ మనిషిని కానని మాస్టారికి నచ్చచెప్పు. వాళ్ళు ఎలుకలు లేకుండా చేయడానికి పట్టుకుంటారు. మేము ఏ ఎలుక ఎక్కడ ఉందో లోకానికి తెలియడానికి పట్టుకుంటాం.

పేర్లు పెట్టే పద్ధతి చెబితే ఆయనకు నచ్చుతుందేమో. శాస్త్రంలో ప్రతి జంతువుకూ రెండు ముక్కల పేరు. మొదటిది వంశానిది, రెండోది దాని సొంతం. అచ్చు మన తెలుగువాళ్ళ పద్ధతే, ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరవాత! ఇక్కడి మార్వాడీ గుమాస్తాకు ఇది ఎంతకీ తలకెక్కడం లేదు. నాకు మాత్రం మొదటి రోజే వచ్చేసింది. ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ములు, కలవకపోతే ఎంత పోలిక ఉన్నా పరాయివాళ్ళు.

నిన్న ఒక తమాషా జంతువు వచ్చింది. గుప్పెడంత ఉంటుంది, వీపు నిండా ముళ్ళు, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుంటుంది. మన కొండల్లోని ఏదుపందికి పిల్లనుకున్నాను. కాదు. ఏదుపంది ఎలుకల వైపు చుట్టం. ఇది పురుగులు తినే వంశం, మనింట్లో గోడ వారన కంపు కొట్టుకుంటూ పరుగెత్తే చుంచుకి చుట్టం. ముళ్ళు చూసి మోసపోకూడదు. నోరు తెరిచి పళ్ళు చూడాలి.

గబ్బిలం గురించి నాయనతో గొడవ పెట్టుకోను. ఎగిరేవన్నీ ఒక గుంపని వాక్యం, పాలిచ్చేవన్నీ ఒక గుంపని మా ఆఫీసు. ఎవరి అవసరం వాళ్ళది.

నెహెమ్యా.


గురజాల,
21-8-1963.

నెహెమ్యా,

ఫోటో అందింది. అందకపోయినా బాగుండేది.

నేను మురిసిపోయి నాయనకు ఇచ్చాను. నీ మొహం చూశాడు, కలం చూశాడు. తరవాత బల్ల మీద చూపు ఆగిపోయింది. నీ చీటీల కట్ట పక్కన పలక మీద వెల్లకిలా పడుకోబెట్టిన ఎలుకలున్నాయి చూడు, వాటి మీద. ఖాతూన్ బీ కళ్ళజోడు అడిగి తెచ్చుకున్నాడు. వాకిట్లో వెలుగుకు పట్టుకుని చానాసేపు చూశాడు. "ఏంది నాయనా?" అంటే, "కడుపు కోసి, తోలు వొలిచి, దూది కూరి కుట్టారే ఇవి. ఆ కుట్టు మన కుట్టే. నాది" అన్నాడు. కళ్ళజోడు ఇచ్చి రమ్మని నన్ను పంపి, లోపలికి పోయి గోడకు తిరిగి పడుకున్నాడు.

అన్నం తినలేదు. మర్నాడు గంట కొట్టడానికి పోలేదు, పాస్టరు గారే కొట్టుకున్నారు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఏడాదిగా చేస్తున్న పని ఇదా? తిరిగే కుర్చీ అన్నావు, అది ఎత్తు పీటట కదా! ఫోటోలో నువ్వు కూర్చున్న ఎత్తు చూసి మీ బావ పట్టేశాడు. పీట మీద కూర్చుంటానంటే ఎవరేడ్చేవారు? చెప్పి ఉంటే పోయేదిగా. ఆయన పదమూడేళ్ళు కూలి చేసింది నువ్వు ఆ పని ముట్టకూడదనేగా! నాకు నీ మీద కోపం కంటే ఆయన్ని చూస్తే ఏడుపొస్తోంది. ఒక్క మాట అన్నాడు, అది రాయకుండా ఉండలేను. "నేను నాగులేట్లో పారేస్తే వాడు రాజస్థాన్ పోయి ఏరుకున్నాడు."

పెళ్ళి మాట ఎత్తితే లేచి అవతలికి వెళ్ళిపోతున్నాడు. జోసెఫ్ మాస్టారు మాత్రం ఒకటే మాట మీదున్నారు, పిల్లవాడి తండ్రి స్వయంగా వచ్చి సరేనంటేనే ప్రధానం అని. ఈయన కదలడు. ఇప్పుడు నన్నేం చేయమంటావు?

దయామణి.


జోధ్‌పూరు,
5-9-1963.

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పని చేయలేకపోయాను. మా ఆఫీసరు జ్వరమా అని అడిగాడు.

నువ్వడిగిందానికి జవాబు చెబుతాను, నాయనకు చదివి వినిపించు. గోడకు తిరిగి పడుకున్నా సరే, చదువు.

నన్నెవరూ ఈ పీట మీదికి తోయలేదు. నేను చేరినప్పుడు గుమాస్తా పని కూడా ఖాళీగా ఉండింది, కుర్చీతో సహా. నేను దీన్ని అడిగి తీసుకున్నాను. నాకిది ఇష్టం, అక్కా. మా పెద్ద శాస్త్రవేత్త, విదేశాల్లో చదివొచ్చినవాడు, ఆయన కూడా నా పక్కనే కూర్చుని తోలు వొలుస్తాడు. ఇక్కడ ఎవరూ ముక్కు మూసుకోరు. మన ఊళ్ళో నాయన వాకిట్లోంచి నడిచేవాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు, నాకు గుర్తుంది. నేను దాచింది పని చూసి సిగ్గుపడి కాదు. నాయన మొహం చూడాల్సి వస్తుందని భయపడ్డాను.

ఒక్క సంగతి ఆయనకు తెలియాలి. కొత్త జంతువు దొరికితే దానికి పేరు పెట్టడానికి నోటి మాట చాలదు, బొమ్మ గీసినా చాలదు. ఒక్క తోలు తీసి, కుట్టి, చీటీ కట్టి అరలో పెడతాం. నూరేళ్ళ తరవాత ఎవరికి అనుమానం వచ్చినా ఆ తోలు తెరిచి చూడాల్సిందే. వంశాలన్నీ ఆ తోళ్ళ మీదే నిలబడ్డాయి. కుట్టు పాడైతే లోకంలో ఆ జంతువు గుర్తే పాడైనట్టు.

ఎట్లా చేస్తామో కూడా చెబుతాను, ఆయనకు ఆసక్తి ఉంటుందేమో. కడుపు మీద సన్నగా కోసి తోలు తిరగేసి తీస్తాం. లోపలి వైపు పాషాణం కలిపిన సబ్బు పూస్తాం, పురుగు పట్టకుండా. దూది కూరి, కాళ్ళలో, తోకలో తీగ పెట్టి కుట్టేస్తాం. ఆ కుట్టు నాకు ఆఫీసులో నేర్పింది కాదు. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని దారానికి మైనం రాసేవాణ్ణి, నువ్వు గుర్తు తెచ్చుకో. చేతికి అప్పుడే వచ్చేసినట్టుంది.

మాస్టారికీ, ప్రేమకుమారి గారికీ ఉన్నదున్నట్టు చెప్పు. వద్దంటే వద్దు. నాయన సరే అనకుండా మాత్రం నాకు ఏ పెళ్ళీ వద్దు.

నెహెమ్యా.


గురజాల,
28-9-1963.

ఒరేయ్ తమ్ముడూ,

ముందు నరసరావుపేట కబురు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మాస్టారు గడ్డం గోక్కుంటూ కూర్చున్నారు. ప్రేమకుమారి తలుపు దగ్గర్నుంచి, "మేమూ కుడతాం దయామణి గారూ, మనుషుల్ని. ఆయన ఏ దారం వాడతారో కనుక్కోండి, మా ఆసుపత్రి దారం తేలిగ్గా తెగిపోతోంది" అంది. నేను అక్కడే పడీ పడీ నవ్వాను. మాస్టారికీ నవ్వొచ్చింది. అయినా పట్టు వదల్లేదు, తండ్రి రావాలి, సరేననాలి, అంతే. కాబట్టి కథ తిరిగి మన గోడ దగ్గరికే వచ్చింది.

నీ ఉత్తరం నాయనకు రెండుసార్లు చదివాను. విన్నాడు. మళ్ళీ గోడకు తిరిగి పడుకున్నాడు.

ఇంతలో ఇంకో గొడవ. బర్రె ఎనిమిది రోజుల కింద ఈనింది. దున్నదూడ, చక్కగా ఉంది. ఇవాళ తెల్లారేసరికి చచ్చిపోయి ఉంది. పారుడు రోగమట, విరేచనాలు పట్టి పోయింది. బర్రె పొద్దుట్నుంచి ఒకటే అరుపు. పొదుగు రాయిలా ఉంది, చెయ్యి వేస్తే తంతోంది. దూడ కనపడందే పాలు చేపదు. ఇట్లా నాలుగు రోజులు పోతే వట్టిపోతుంది. మన ఇంటికీ, ఖాతూన్ బీ మనవడికీ, పాస్టరు గారి కాఫీకీ అన్నిటికీ ఈ ఒక్క పొదుగే ఆధారం.

ఇదివరకైతే ఎవరింట్లో దూడ చచ్చినా నాయన్నే పిలిచేవాళ్ళుగా. దూడ తోలు వొలిచి, గడ్డి కూరి, కుట్టి నిలబెట్టేవాడు. తల్లి దాన్ని నాకుతూ పాలు చేపేది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఆ పని చేసేవాళ్ళే లేరు. "నాయనా, ఒక్కసారికి..." అన్నాను. "నా నోట్లోంచి ఒకసారే మాట వస్తది" అని మంచం ఎక్కాడు.

ఆయనకున్న మొండితనం నాకూ ఉంది. నేనే చేస్తాను. నీ ఉత్తరంలో అంతా రాసే ఉందిగా! మీ బావ వచ్చి తోలు వొలిచి పెట్టాడు, సగం వాంతి చేసుకుంటూ. ఉప్పు పూసి ఆరబెట్టాను. ఆ పాషాణం సబ్బు కోసం త్రికోటేశ్వరరావు కొట్లో అడిగాను. లేదట, గుంటూరు నుంచి తెప్పిస్తానన్నాడు. వచ్చాక పూస్తాను. రేపు కుట్టు మొదలు.

దయామణి.


తంతి
జోధ్‌పూరు, 4-10-1963
దూడకు మందు పూయవద్దు - నెహెమ్యా


జోధ్‌పూరు,
4-10-1963.

అక్కా,

ఇప్పుడే తంతి ఇచ్చి వచ్చాను. ఆ సబ్బు విషం! మా ఎలుకలు అరలో ఉంటాయి, వాటిని ఎవరూ నాకరు. బర్రె దూడను నాకుతుంది! ఒక్క పూట నాకినా చస్తుంది. మందు వచ్చి ఉంటే గొయ్యి తీసి పాతిపెట్టు. చేతులు కడుక్కో. పూసేసి ఉంటే ఆ తోలు కూడా లోతుగా పాతేయి, బర్రె దగ్గరికి పోనీయకు.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. బర్రె కోసం చేసేదీ, అర కోసం చేసేదీ ఒకటి కాదని నాకు తట్టనే లేదు. ఏమైందో వెంటనే రాయి. నిద్ర పట్టదు.

నెహెమ్యా.


గురజాల,
10-10-1963.

ఒరేయ్ తంతి మహారాజా,

ఈ ఇంటికి తంతి రావడం ఇదే మొదలు. తంతి జవాను సైకిలు దిగగానే ఖాతూన్ బీ "యా అల్లా" అని గుండె బాదుకుంది. నేను కాగితం విప్పకుండానే ఏడుపు మొదలుపెట్టాను. నాయన గోడ పట్టుకుని నిలబడి, "నా కొడుకు... నా కొడుకు బాగున్నాడా, చదవవే ముండా!" అని అరిచాడు. చదివాను. దూడకు మందు పూయవద్దు! ఒక నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తరవాత నాయన అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అమ్మ పోయాక ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. "చచ్చిన దూడకు తంతి ఇచ్చాడే వీడు!" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక అసలు కథ విను. మందు రానే లేదు, గొయ్యి అక్కర్లేదు. నీకు ఉత్తరం వేసిన మర్నాడే, అంటే తంతి రాకముందే, నేను కుట్టడానికి కూర్చున్నాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, గడ్డి కూరి, గోనెసూదితో మొదలుపెట్టాను. ఒరేయ్, అది దూడలా లేదు. బాలింతరాలి దిండులా ఉంది. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. బర్రెకు చూపిస్తే భయపడి పలుపు తెంపుకోబోయింది. మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టాను. నాయన మంచం మీంచి చూస్తున్నాడని నాకు తెలుసు. కావాలని అటు తిరగలేదు.

"ఏందే ఆ కుట్టు?" అన్నాడు ఉన్నట్టుండి.

"కుట్టే" అన్నాను.

"అది కుట్టంటే గోనెసంచి నవ్వుద్ది. పోగు పోగుకీ వేలెడు సందు. గడ్డి కారిపోద్ది. చెవుల ఎనక ఉప్పెందుకు పూశావ్? తల్లి వాసన చూసేది అక్కడేగా! తోక మొదట్లో కూడా పూశావా? అయిపోయింది, నీ చదువు తగలెయ్య!"

"తెలిసినవాళ్ళు మంచం దిగకపోతే తెలియనివాళ్ళు ఇట్లాగే కుడతారు" అన్నాను నేను కూడా.

దిగాడు! నేరుగా పోయి, వంటపాక చూరులోకి చెయ్యి పెట్టి, తాటాకుల మధ్యనుంచి పాత గుడ్డ చుట్టిన పొట్లం తీశాడు. విప్పితే రంపె. మన రంపె! కర్ర పిడి, మొనన నూనె రాసి మెరుస్తోంది. నాగులేట్లో లేదు, ఎప్పుడూ లేదు. పదమూడేళ్ళుగా మన నెత్తి మీదే ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఏందా చూపు? ఇసిరేద్దామని ఏటిదాకా పోయా. చెయ్యి రాలేదు. లే అవతలికి" అన్నాడు.

నా కుట్టంతా కోసి పారేశాడు. ఉప్పు కడిగాడు. నాలుగు వెదురుపుల్లలు చెక్కి కాళ్ళకు పెట్టాడు. గడ్డి గుప్పెడు గుప్పెడు కూరుతూ, తట్టుతూ, మెడ దగ్గర పలచగా, కడుపు దగ్గర గట్టిగా. దారానికి మైనం నన్ను రాయమన్నాడు. సాయంత్రానికి దూడ నిలబడింది. నిజంగా నిలబడిందిరా, తల కొంచెం వంచి, పాలకు వచ్చినట్టు.

బర్రె ముందు పెట్టాం. అది మూతి చాపి చెవుల వెనక వాసన చూసింది. తోక దగ్గర చూసింది. సన్నగా ఒక్క మూలుగు మూలిగి నాకడం మొదలుపెట్టింది. నాయన పొదుగు కింద కూర్చుని "చేపిందే, చేపింది" అన్నాడు. చెంబు నిండి పొంగింది. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు గానీ నేను చూశాను.

తిరిగొచ్చి మంచం మీద కూర్చుని నీ ఫోటో తెమ్మన్నాడు. మళ్ళీ కళ్ళజోడు. "మూతి దగ్గర వాడు ఎట్లా కుడతాడో అడుగు. ఎలుక మూతి చానా చిన్నదిగా. నాకు దూడ మూతే కష్టం" అన్నాడు. కళ్ళజోడు తీసి, "ఇయ్యి చేసేదానికి వాడికి కుర్చీ ఏం పనికొస్తది, చేతులు ఆడొద్దా? పీటే మేలు" అన్నాడు.

సోమవారం నరసరావుపేట వస్తానన్నాడు, నేను అడగకముందే.

మీ అక్క.


జోధ్‌పూరు,
22-10-1963.

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పైకే ఏడ్చాను, నవ్వాను. మార్వాడీ గుమాస్తా కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

నాయనకు చెప్పు. మూతి దగ్గర మూడే మూడు కుట్లు, పెదవి లోపలి నుంచి, ముడి బయటికి కనపడకుండా. వచ్చినప్పుడు చేసి చూపిస్తాను. ఆయన మెడ దగ్గర గడ్డి పలచగా ఎందుకు కూరతాడో నాకు చెప్పాలి. నా ఎలుకలు మెడ దగ్గర ఉబ్బుతున్నాయి.

నేను రోజూ చదివే రూలు, తల్లి పిల్లకు పాలివ్వాలి, అంతే. మన బర్రె గడ్డి కూరిన తోలుకు కూడా పాలిచ్చింది. ఇది ఏ పుస్తకంలో ఎక్కించాలో మా పెద్దాయనకు కూడా తెలియలేదు, కథ విని చాలాసేపు తల ఊపాడు.

దీంతో ఒక చీటీ పంపుతున్నాను. మా ఆఫీసు చీటీయే, దారంతో సహా. నల్లసిరాతో నేనే రాశాను. తెలుగులో రాయడానికి మా పెద్దాయన ఒప్పుకున్నాడు. అందులో ఇట్లా ఉంటుంది:

బూబలస్ బూబలిస్. దున్నదూడ. గురజాల, పల్నాడు. 29-9-1963. తయారుచేసినవారు: ఏలియా.

బర్రెకు ఇంటిపేరూ పేరూ దాదాపు ఒకటే, అది నా తప్పు కాదు. చివరి గడి సంగతి ఒకటుంది. నా ఎలుకలన్నిటి మీదా ఆ గడిలో నా పేరు రాస్తాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో రాయడానికి అందులో చోటు లేదు. అందుకని ఈ ఒక్క చీటీ. దూడ మెడకు కట్టండి.

ప్రధానం ఎప్పుడంటే అప్పుడు సెలవు పెడతాను. ప్రేమకుమారి గారికి దారం ఉండ ఒకటి విడిగా పార్సిలు చేశాను.

నెహెమ్యా.


గురజాల,
5-11-1963.

ఒరేయ్ నెహెమ్యా,

డిసెంబరు ఇరవైన ప్రధానం. నాయనే వెళ్ళి సరేనన్నాడు. అనడమేంది, మాస్టారి ముందు కూర్చుని తోలు పనంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, మొదట్నుంచి చివరిదాకా, దాచకుండా. మాస్టారు రెండుసార్లు కాఫీ తెప్పించారు. ప్రేమకుమారికి నీ దారం అందిందట. లాగి చూసి, "తెగలేదు" అంది. దాన్ని మెప్పుకోలు కిందే తీసుకో.

గబ్బిలం పక్షి కాదంటే మాత్రం ఒప్పుకోనని నాయన రాయమన్నాడు. రాశాను.

నువ్వొచ్చినప్పుడు రంపె నీకిస్తాడట. నూరి, పిడికి కొత్త గుడ్డ చుట్టి పెట్టాడు. "ఎలుకలకి ఇది పెద్దదవుద్ది. అయినా వాడి బల్ల మీద ఉండాల" అంటున్నాడు.

చీటీ మాత్రం దూడకు కట్టలేదు. చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. చివరి గడి దగ్గర వేలు పెట్టి, "ఇక్కడేగా?" అని అడిగాడు. అక్కడే అన్నాను. "దూడకు కడితే బర్రె నాకేస్తది" అని తీసేసుకున్నాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని, చీటీ జేబులో పెట్టుకుని చర్చికి వెళ్ళాడు. చీటీ లోపల, దారం బయట. గంట కొడుతున్నంతసేపూ ఆ దారం గుండెల మీద ఊగుతూనే ఉంది. "ఏందది ఏలియా?" అని అడిగిన ప్రతివాడికీ తీసి చూపించాడు. అడగనివాళ్ళకు కూడా చూపించాడు.

మీ అక్క,
దయామణి.